పచ్చబోర్డు మీద యాభై ఎనిమిది

కావలి ఊరు దాటి నెల్లూరు వైపు హైవే ఎక్కగానే ఎడమ పక్కన ఒక పచ్చబోర్డు కనిపిస్తుంది. దాని మీద ‘నెల్లూరు 58’ అని ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు పోయాక ఇంకో బోర్డు, ‘నెల్లూరు 49’. మరో రెండు కిలోమీటర్లు పోతే మూడోది, ‘నెల్లూరు 50’. యాభై ఎనిమిదిలోంచి నాలుగు తీస్తే యాభై నాలుగు రావాలి. నలభై తొమ్మిదిలోంచి రెండు తీస్తే నలభై ఏడు రావాలి. రెండో తరగతి పిల్లలు చేసే లెక్క. ఆ మూడు బోర్డులూ ఒకే రోడ్డు మీద, ఒకే రంగులో, ఒకే రకం అక్షరాలతో నిలబడి మూడు రకాలుగా చెబుతాయి. వాటి ముందు నుంచి రోజూ లెక్కలేనన్ని బండ్లు పోతాయి. ఎవరికీ ఏ నష్టమూ లేదు. నెల్లూరు ఎలాగూ వస్తుంది.

మా ఇంట్లో మాత్రం ఆ మొదటి బోర్డు మా అక్కకు అయిదు వారాల పాటు తిండీ నిద్రా లేకుండా చేసింది. ఇప్పుడు ఈ సంగతి నవ్వుకుంటూ రాయగలుగుతున్నాను. అప్పుడు నవ్వు రాలేదు.

నేను బిట్రగుంటలో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మా ఆయన రైల్వేలో గార్డు. రైలు పట్టాల పక్కన కిలోమీటరుకొక రాయి, రాళ్ల మధ్య స్తంభాలకు నంబర్లు ఉంటాయి. బండి ఎక్కడ ఆగిపోయినా ఆ నంబరు చెబితే చాలు, స్టేషనులో ఉన్నవాళ్లకు చోటు తెలిసిపోతుంది. ఆ నంబరు తప్పయితే మనుషుల ప్రాణాలు పోతాయని మా ఆయన అనేవాడు. అలాంటి ఇంట్లో కాపురం చేసినదాన్ని కాబట్టి దారి పక్కన సర్కారు వాళ్లు రాసిన అంకె తప్పు కావచ్చునన్న ఊహ నాకు చాలాకాలం రాలేదు.

నాలుగేళ్ల కిందట మా ఆయన పోయాక నేను కావలిలో మా అక్క ఇంటికి వచ్చేశాను. అక్కకు డెబ్బై ఆరు, నాకు డెబ్బై ఒకటి. మాది దూదేకుల కుటుంబం. నమాజు అరబ్బీలో చదువుతాం, మిగతా బతుకంతా తెలుగులోనే. బావ పరుపులు కుట్టేవాడు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకుంటే నడుము నొప్పి రాదని కావలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయిదేళ్ల కిందటే ఆయన పోయాడు. అయినా అక్క మాటల్లో రోజుకు పదిసార్లు వచ్చేవాడు. వంకాయలు బేరమాడినా, ఫ్యాను చప్పుడు చేసినా, ‘మీ బావైతే’ అని మొదలుపెట్టేది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. దూరప్రయాణం చేసేవాళ్లకు నమాజులో ఒక వెసులుబాటు ఉంది. నిలబడి, వంగి, సాష్టాంగపడి లేచే ఒక వరసను రకాతు అంటారు. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి నమాజుల్లో నాలుగేసి రకాతులు చదవాలి. ప్రయాణంలో ఉన్నవాళ్లు రెండు చదివితే చాలు. పోయినచోట పదిహేను రోజుల కంటే తక్కువ ఉండేటట్టయితే అక్కడ కూడా రెండే. కానీ ప్రయాణం అనిపించుకోవడానికి ఒక దూరం ఉంది. నలభై ఎనిమిది మైళ్లు, అంటే డెబ్బై ఏడు కిలోమీటర్ల పైచిలుకు. అంతకంటే తక్కువ దూరం పోయి రెండు చదివితే ఆ నమాజు చెల్లదు. మళ్లీ చదివి తీర్చుకోవాలి.

ఇరవై ఒక్క ఏళ్ల కిందట అక్క కూతురికి వెంకటాచలం అవతల, హైవే నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లెలో సంబంధం కుదిరింది. మాటలకు మగవాళ్లంతా వ్యాను కట్టించుకుని పోయారు. అప్పుడే రోడ్డు వెడల్పు చేసి కొత్త బోర్డులు నాటిన రోజులు. బావ తిరిగొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా అక్కతో, “నెల్లూరు యాభై ఎనిమిది. ఆడ్నుంచి వెంకటాచలం పదహారు. లోపలికి ఆరు. మొత్తం ఎనభై. ఇంక నీ బిడ్డ దగ్గరికి పోతే నువ్వు రెండు రకాతుల మనిషివే” అన్నాడట. అక్క ఆ మాట పట్టుకుంది. ఏడాదికి రెండుసార్లు కూతురి దగ్గరికి పోయి వారం ఉండి వచ్చేది. ఆ వారమంతా రెండేసి చదివేది. బావ మాత్రం అక్కడ మసీదుకు పోయేవాడు. ఊరి ఇమాం వెనక నిలబడితే ప్రయాణికుడైనా నాలుగూ చదవాల్సిందే కాబట్టి ఆయనవి ఎప్పుడూ పూర్తి నమాజులే. ఇంట్లో చాప పరచుకుని చదివే అక్కవే సగం నమాజులు.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం అక్క అల్లుడు మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. అతను కారు కొని నెల కూడా కాలేదు. అంతకుముందు, బావ పోయాక, అక్క మూడుసార్లు బాడుగ కారులో పోయివచ్చింది. సొంత కారులో ఇదే మొదలు.

“చిన్నత్తా, ఊరు ఆఖర్న మీటరు సున్నా చేసినా. పెట్రోలు ఎంత తాగతాదో చూడాల” అన్నాడు నాతో.

దారి పొడుగునా బండి గొప్పలు చెబుతూ నడిపాడు. పల్లె చేరి ఇంటి ముందు ఆపాక మీటరు చూసి, “డెబ్బై మూడు! ఒళ్లు కదలకుండా దించినానా లేదా? ఎట్టుండాది అత్తా బండి?” అన్నాడు.

అక్క చెప్పుల్లో కాలు దూర్చబోతూ ఆగింది. “డెబ్బై మూడేంది? ఎనభై గదా.”

“ఎనభై ఎవురు చెప్పినారు?”

“మీ మామ.”

“ఆయన బోర్డులు చూసి చెప్పుంటాడు లే. బోర్డుల్ని నమ్ముకుంటే ఊరు చేరినట్టే” అని నవ్వి, సంచులు దించుకుని లోపలికి పోయాడు. అతను ఏం మాట అన్నాడో అతనికి తెలియదు. నాకూ ఒక్క నిమిషం పట్టింది.

అక్క ఆ మధ్యాహ్నం కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, చాప పరచుకుని, చాలాసేపు ఊరికే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, “నాలుగా, రెండా?” అని అడిగింది.

“నాలుగు చదువు” అన్నాను.

నాలుగు చదివింది. ఆ వారమంతా నాలుగే చదివింది. కూతురు చేపల పులుసు పెడితే రెండు ముద్దలు తిని లేచింది. “వయసైపోయిందమ్మా, అరగదు” అంది. కూతురికి ఏమీ చెప్పవద్దని నాకు కళ్లతోనే చెప్పింది.

అల్లుడు మమ్మల్ని కావలిలో దింపి, ఆ రాత్రికి ఉండిపోయాడు. మర్నాడు పొద్దున అతను తిరిగి పోయేటప్పుడు నేనూ కారెక్కాను. బోర్డులు చూసి షేరు ఆటోలో వెనక్కి వస్తానన్నాను. నా పద్ధతులు తెలిసినవాడు కాబట్టి కారణం అడగలేదు. మొదటి బోర్డు దగ్గర మీటరు సున్నా చేయించాను. రెండో బోర్డు దగ్గర నాలుగు, మూడో బోర్డు దగ్గర ఆరు. బోర్డుల మీద ఉన్నవి పైన రాశాను.

మూడో బోర్డు చూసి అల్లుడు బండి పక్కకు తీశాడు. “ఇందాక నలభై తొమ్మిది, ఇప్పుడు యాభై. చిన్నత్తా, నెల్లూరు మన్ని చూసి వెనక్కి పోతుండాది.”

నేను నవ్వలేదు. అతను నా మొహం చూసి తనూ నవ్వాపుకున్నాడు. అప్పుడు చెప్పాను, తన డెబ్బై మూడు అక్కకు ఏం చేసిందో. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. “నా నోరు పడిపోను. బండి గొప్పకు పోయి చెప్పినా గదా” అన్నాడు.

ఆ బోర్డులు ఎందుకలా ఉన్నాయో నాకు తెలియదు. ఒకటి పాత ఊరి నడిబొడ్డు దాకా కొలిచిందేమో, ఒకటి బైపాసు మొదలు దాకా కొలిచిందేమో. ఎక్కడో నాటాల్సిన బోర్డు ఇక్కడ నాటారేమో. ఎవరినీ అడగలేదు. ఏ జవాబు వచ్చినా అక్కకు పనికొచ్చేది కాదు.

ఇంటికి రాగానే అక్క, “ఎంతయింది?” అని అడిగింది. బోర్డుల సంగతి కాదు అడిగింది, తీర్చాల్సిన నమాజుల లెక్క. చెప్పక తప్పలేదు. బావ బతికున్నప్పుడు పదహారేళ్లు, ఏడాదికి రెండుసార్లు, సారికి ఏడు రోజులు, రోజుకు మూడు నమాజులు. ఆరు వందల డెబ్బై రెండు. బాడుగ కారులో పోయిన మూడుసార్లకు అరవై మూడు. మొత్తం ఏడు వందల ముప్పై అయిదు.

అక్క గోడకు చేరగిలబడింది. “పరుపుకు జానెడు గుడ్డ తక్కువైతే పదిసార్లు కొలిచే మనిషి. నా నమాజుకు బోర్డు చూసి కొలిచినాడే” అంది.

“ఆయన కావాలని చెప్పినాడా అక్కా?”

“ఆయనకేం. మసీదులో పూర్తిగా చదూకున్నాడు, పొయినాడు. ఈడ దొరికిపోయింది నేను.”

ఆ తర్వాత ‘మీ బావైతే’ అన్న మాట ఇంట్లో వినపడలేదు. ఆయన కుట్టిన పరుపును చుట్టి గోడకు ఆనించి, కింద చాప మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఉక్కపోతకు చాపే మేలని వంక చెప్పింది. ఫిబ్రవరిలో ఉక్కపోత ఎక్కడిది.

ఆ రోజు నుంచే తీర్చడం మొదలుపెట్టింది. రోజూ తన నమాజులు తను చదివాక, అదనంగా మూడు. మోకాళ్లు అరిగిపోయి అక్క రెండేళ్లుగా కుర్చీలో కూర్చునే నమాజు చదువుతుంది. కానీ ఈ మూడూ కింద చదువుతానంది. “తప్పు చేసి, దాన్ని కుర్చీలో కూర్చోని దిద్దుకుంటారా ఎవురన్నా?” అంది. సాష్టాంగపడ్డాక లేవడానికి మంచం కోడు పట్టుకునేది. లేచేటప్పుడు చేసే చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించేది. రోజుకు మూడు చొప్పున ఏడు వందల ముప్పై అయిదుకు ఎనిమిది నెలలు పైనే. మూడో వారానికే మోకాళ్లు కుంపటి మీది కుండల్లా కాగిపోతున్నాయి. అయిదో వారం డాక్టరు చూసి, కింద కూర్చోవడం మానకపోతే ఇక లేవలేవని చెప్పాడు.

“ఇమాం సాబును ఒకసారి అడుగుదాం” అన్నాను.

“ఏమని? ఈ ముసల్ది ఇన్నేళ్లు సగం నమాజులు చదివిందని కావలంతా చెప్పుకోవాల్నా? జవాబు నాకు తెలుసు. నువ్వే కదా లెక్క తీసినావు.”

“నేను తీసింది కూడిక. తీర్పు కాదు.”

రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు, లేవబోయి మళ్లీ కూలబడ్డాక, సరే పదమంది.

మా వీధి మసీదు ఇమాం మా అల్లుడి కంటే చిన్నవాడు. మసీదు వెనకే ఇల్లు. అతని భార్య మాకు కుర్చీలు వేసి టీ ఇచ్చింది. అక్క తల దించుకుని కొంగు మెలిపెడుతూ కూర్చుంది. చెప్పిందంతా నేనే. బోర్డులు, బావ కూడిక, కారు మీటరు, ఏడు వందల ముప్పై అయిదు. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు.

“అక్కడ ఎప్పుడన్నా పదైదు రోజులుండారా పెద్దమ్మా?” అన్నాడు.

“లేదు నాయనా, వారమే. పెద్దాయనకు కొట్టు వదిలిపెట్టి ఉండే మనసు లేదు” అంది అక్క.

“ఏ దోవన పొయ్యేవాళ్లు?”

“దోవేంది, బస్సులో.”

“బస్సులోనే. హైవే మీద పొయ్యే బస్సా?”

అక్క తలెత్తింది. “కాదు. అల్లూరు బస్సు” అంది.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అల్లూరు బస్సు కావలి నుంచి బిట్రగుంట మీదుగా అల్లూరు పోయి, విడవలూరు, కోవూరు తిరిగి నెల్లూరు చేరుతుంది. అది చుట్టుదారి. హైవే బస్సు ఎక్కితే బిట్రగుంట తగలదు. అక్క ఆ బస్సు ఎక్కేది నా కోసం. బిట్రగుంటలో బస్సు ఆగిన రెండు నిమిషాలు నన్ను చూడటానికి. నేను పులిహోర పొట్లం కట్టుకుని స్టాపులో నిలబడి ఉండేదాన్ని. కిటికీలోంచి పొట్లం లోపలికి పోయేది, బూరుగు దూది దిండో, కుట్టిన బొంతో బయటికి వచ్చేది. పక్కన కూర్చున్న బావ, “చెల్లెలి మొహం చూసేదానికి నన్ను జిల్లా అంతా తిప్పుతుండాది చూడు” అని నాకే ఫిర్యాదు చేసేవాడు. పదహారేళ్లు ఆ స్టాపులో నిలబడినదాన్ని నేను. బోర్డులు కొలవడానికి పోయాను కానీ ఈ ఊసే నాకు తట్టలేదు. కావలి నుంచి ఆ పల్లెకు దూరం అంటే ఒక్కటే ఉంటుందనుకున్నాను, అది హైవే మీదే ఉంటుందనుకున్నాను.

“అయితే హైవే లెక్క మీకెందుకు పెద్దమ్మా?” అన్నాడు ఇమాం. “ఒక ఊరికి రెండు దోవలుంటే, మనిషి ఏ దోవన పోతే ఆ దోవే లెక్క. దగ్గర దోవ ఉంది గదా అని దూరం దోవను కొట్టెయ్యరు.”

అక్క నమ్మలేదు. “నువ్వు నన్ను ఊరడించేదానికి చెప్తుండావా నాయనా?”

అతను ఏమీ నొచ్చుకోలేదు. తన గురువుగారికి ఫోను చేసి, మాకు వినపడేలా పెట్టాడు. అవతలి పెద్దాయన గొంతు గరగరలాడుతోంది. విషయమంతా విని, “దోవ మాట నిజమే. అది సరే, ఆ దోవ పొడుగెంత? ముందు అది తెలుసుకోమను. తెలవకుండా సంతోషపడొద్దు” అన్నాడు. ఆయన మాట నాకు నచ్చింది.

అల్లుడికి కబురు చేశాను. మర్నాడు పొద్దున్నే కారుతో వచ్చేశాడు. ఊరి ఆఖరి ఇంటి నుంచి లెక్కపెట్టాలని ఇమాం చెప్పాడు. అక్క బస్సెక్కిన రోజుల నాటి ఆఖరి ఇల్లు ఇప్పుడు ఊరి మధ్యలో ఉంది. నేను ఇప్పటి ఆఖరి ఇల్లే పట్టుకుందామన్నాను. అక్కడి నుంచి చాలితే, పాత ఇంటి నుంచి ఇంకా బాగా చాలుతుంది. ఇళ్లు పలచబడే చోట అల్లుడు బండి ఆపాడు.

“ఇదే ఆఖరు చిన్నత్తా.”

“అదిగో, అక్కడ రేకుల కప్పు కనపడతా ఉంది.”

“దాంట్లో కోళ్లుండాయి.”

“మనుషులు లేరా?”

దిగి చూసి వచ్చాడు. “ఒకాయన కోళ్లకు కాపలా పడుకుంటాడంట.”

“అయితే అదీ ఇల్లే. దాని దాకా పోయి సున్నా చెయ్యి.”

“అత్తా, ఈమె మన పక్కా, బోర్డుల పక్కా?” అన్నాడు వెనక్కి తిరిగి. అక్క తస్బీహు పూసలు తిప్పుకుంటూ ఉంది.

ఆ రోడ్డు మీద దూరం చెప్పే బోర్డులు ఉన్నవే తక్కువ. ఉన్న రాళ్ల మీద అంకెలు పోస్టర్ల కింద దాక్కున్నాయి. మాకు వాటితో పని లేదు. బిట్రగుంట స్టాపు దగ్గర అల్లుడు తనంతట తనే బండి నెమ్మది చేశాడు. అల్లూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా కోతకొచ్చిన వరి, దాని వెనక రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. బస్సు ఎక్కడ ఊళ్లోకి తిరిగేదో అక్కడల్లా మేమూ తిరిగాం. “ఈడ కాదు, ఆ మలుపులో” అని అక్క రెండు చోట్ల దోవ దిద్దింది. కోవూరు దాటి, పెన్నా వంతెన దాటి, నెల్లూరు బస్టాండు చేరేసరికి అరవై అయిదు. అక్క ఒక్కసారి కూడా మీటరు వైపు చూడలేదు. నేనే చూశాను. మనసులో పదహారూ ఆరూ కూడబోయి మానుకున్నాను. ఆ పదహారు కూడా బోర్డు చెప్పిందే.

వెంకటాచలం ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా డెబ్బై ఏడు పడింది. నేను పైచిలుకు కోసం ఆగాను. డెబ్బై ఎనిమిది పడ్డాక, “అక్కా, దాటింది” అన్నాను.

“ఏంది?”

“డెబ్బై ఎనిమిది. పల్లె ఇంకా రాలేదు.”

“ఆపు అబ్బయా” అంది అక్క.

అల్లుడు లారీలు ఆగివున్న చోట పక్కకు తీశాడు. అక్క తలుపు తెరుచుకుని, కాళ్లు బయట పెట్టి, దిగకుండా అలాగే కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లారీ డ్రైవరొకాయన వచ్చి, “పెద్దామెకు వాంతి వస్తుండాదా? నిమ్మకాయ కావాల్నా?” అని అడిగాడు. అల్లుడు తీసుకున్నాడు, వద్దనడం చేతకాక. అక్క ఆ నిమ్మకాయ వాసన చూసి, ఏడుపులోనే నవ్వింది.

“ఇంకా ఆపుతావేం? పోనీ. ఊరు దాకా కొలవకపోతే మా చెల్లెలికి రాత్రికి నిద్ర పట్టదు” అంది.

ఇంటి ముందు ఆగేసరికి ఎనభై ఆరు. కూతురు బయటికి వచ్చి, చెప్పా పెట్టకుండా ఎందుకొచ్చారని గాబరా పడింది. అప్పుడు సంగతంతా బయటికి వచ్చింది. కూతురు తల్లిని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, నన్ను కూడా తిట్టింది. తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆ మధ్యాహ్నం అక్క రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది. తింటూ తింటూ, “మీ బావైతే ఈ పులుసులో ఇంకో మామిడికాయ ముక్క పడాలనేవాడు” అంది. నేను ఆమె కంచంలో ఇంకో గరిటె పులుసు వేశాను.

ఇమాం ఫోనులో అన్నీ వివరంగా అడిగాడు. బస్సులో పోయినప్పటివన్నీ చెల్లాయి. బాడుగ కారులో హైవే మీద పోయిన ఆ మూడుసార్లవి మాత్రం చెల్లవు. ఆ అరవై మూడు తీర్చాలి.

“ఈ అయిదు వారాల్లో చదివినవి ఏవని అనుకుని చదివినారు పెద్దమ్మా? పాతవా, కొత్తవా?”

“మొన్నమొన్నటివే ముందు చదివినా నాయనా. అవే గుర్తుండాయి.”

“అయితే ఆ అరవై మూడూ తీరిపోయినాయి. మిగతావి మీ ఇష్టపూర్తిగా చదివిన నఫిలు నమాజులు. వాటి పుణ్యం మీది. కావాలంటే పోయినవాళ్ల పేరిట ఇచ్చుకోవచ్చు.”

కావలికి తిరిగొచ్చాక పరుపు మళ్లీ మంచం మీదికి ఎక్కింది. ఇకమీదట కారులోనే, హైవే మీదే పోతానంది అక్క. నాలుగేసి చదువుకుంటే పోయిందేమీ లేదు, కూతురింట్లో కూడా కుర్చీ ఉంది కదా అంది. ఆ మాట చాలా తేలికగా అంది.

సాయంత్రం ఇద్దరం గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాం.

“మొత్తానికి మీ బావ చెప్పింది నిజమే” అంది.

“నిజం కాదు. ఆయన చెప్పింది హైవే మీద ఎనభై. అది డెబ్బై మూడు. నువ్వు పోయిన దోవ ఎనభై ఆరు. ఎనభై ఎక్కడా లేదు.”

“డెబ్బై ఏడు దాటిందా లేదా?”

“దాటింది.”

“మరి రైటే గదా.”

“లెక్క తప్పు. జవాబు కలిసొచ్చింది. నా క్లాసులో అయితే సున్నా వేసేదాన్ని.”

“అంత కష్టపడి బోర్డులు చదివొచ్చిన మనిషికి సున్నానా! నీ కాడ చదూకున్న పిల్లలు ఎట్ట బతికినారో ఏమో.”

అక్క ఇంకో గుప్పెడు కాయలు గిన్నెలోకి తుంచింది. తర్వాత అక్క, “రోజుకు మూడు లెక్కన అయిదు వారాలకు ఎన్ని?” అంది.

“నూట అయిదు.”

“దాంట్లో అరవై మూడు పోతే?”

“నలభై రెండు.”

“ఆ నలభై రెండూ ఆయన పేరిట ఇచ్చేసినా. పొద్దున నమాజులోనే అనుకున్నా.” అక్క గిన్నె ఒళ్లోంచి దించి నా మొహంలోకి చూసింది. “నలభై రెండు వస్తే మీ బళ్లో పాసా, ఫెయిలా?”

ముప్పై అయిదు వస్తే పాసు. ఆ మాట ఆమెకూ తెలుసు.

“పాసే” అన్నాను.